యూరియా గోతాల తెరచాప

పొద్దున లేచాక ఎలీసమ్మ నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళేది కాదు. ముందు చిన్నకూతురు కెజియాని నిద్రమొహంతోనే లేపి, తలుపు చెక్కకి వీపు ఆనించి నిలబెట్టేది. మోకాళ్ళు రెండూ కలపమనేది. పిల్ల కలిపాక తను కింద కూర్చుని మడమల మధ్య సందులో వేళ్ళు దూర్చి చూసేది. వేలు పట్టకపోతే ఆ పూటకి బతికామనుకుని లేచి వెళ్ళి పొయ్యి వెలిగించేది. కెజియాకి ఇదంతా గిలిగింతల ఆట. కిసకిసా నవ్వేది. ఎలీసమ్మ నవ్వేది కాదు.

పెద్దకూతురు స్తుతిని చిన్నప్పుడు ఎవరూ అలా నిలబెట్టి చూడలేదు. చూడాలని తట్టేసరికే ఆ పిల్ల మడమల మధ్య అరచెయ్యి పట్టింది, తర్వాత జాన పట్టింది. ఇప్పుడు స్తుతికి ఇరవై దాటాయి. నడిస్తే మోకాళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. నడుము వంగదు, మెడ తిరగదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మనిషంతా తిరగాల్సిందే. బడి ఏడో తరగతిలోనే ఆగిపోయింది, చదువు మాత్రం ఆగలేదు. బజ్జీల పొట్లాల కాగితాలు, చెల్లెలి పుస్తకాలు, చర్చిలో ఎవరో వదిలేసిన పాత వారపత్రికలు, ఏది దొరికితే అది చదివేది. చదివినకొద్దీ ఈ ఊళ్ళో తనకి ఊపిరి ఆడటం లేదనిపించేది.

ఊరు పొదిలికి కాస్త ఇవతల. చుట్టూ పత్తి, కంది, అక్కడక్కడా మిరప. నీళ్ళు బోరింగువి. చూస్తే అద్దంలా ఉంటాయి. ఫ్లోరిన్ నీళ్ళని అందరికీ తెలుసు, తెలిసీ తాగేవాళ్ళు. దాహం వేస్తే ఇంకేం తాగుతారు. ఒంగోల్లో డాక్టరు స్తుతి ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూసి, వంగిన ఎముక ఇక ఏ నీళ్ళు తాగినా నిటారు కాదని, చిన్నపిల్లని మాత్రం ఆలస్యం చెయ్యకుండా మంచినీళ్ళున్న చోటికి తీసుకెళ్ళమని చెప్పాడు. స్తుతి ఎదురుగానే చెప్పాడు. ఆయన తప్పేం లేదు, అడిగింది స్తుతే.

తండ్రి క్రీస్తుదాసు వడ్రంగి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పొదిలి దగ్గర పడ్డాక అన్నాడు, ఇల్లు కదలదు కాబట్టే బోరింగు మనల్ని ఏలుతోందని, ఇల్లే కదిలితే ఎక్కడ నీళ్ళు బాగుంటే అక్కడ ఆపుకోవచ్చని. ఏదో బాధలో అన్నాడనుకుంది ఎలీసమ్మ. ఆయన మటుకు నిజంగానే అన్నాడు. కొత్తపట్నం ఒడ్డున ఎప్పటి తుఫానుకో బోర్లాపడి ఇసకలో కూరుకుపోయిన పడవ ఒకటి ఆయనకి తెలుసు. చర్చి తలుపుల పనికి వెళ్ళినప్పుడు చూశాడు. వెళ్ళి అడిగితే అక్కడి జాలర్లు తీసుకుపొమ్మన్నారు. చెక్కలు ఊడదీసి ట్రాక్టరు మీద వేసుకొచ్చి, ఇంటి ముందు మళ్ళీ ముక్కకి ముక్క అతికించాడు.

నల్లరేగడి మీద పడవ నడుస్తుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. ఎర్రనేల మీద నడవదు. చవిటినేలలో అడుగు గీసుకుపోతుంది. రేగడి అయితే ముక్కు తగలగానే కాస్త వణికి, నీళ్ళు తప్పుకున్నట్టు తప్పుకుని, వెనకాల మళ్ళీ మూసుకుంటుంది. కాబట్టి క్రీస్తుదాసు పడవ కడుతుంటే ఊళ్ళో ఎవరూ ఎందుకని అడగలేదు. దారిలో చేను ఉన్న రైతు అంకమ్మరావు ఒక్కడే వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ దాసూ, నా చేలోనుంచి పోతే పో. కాయ పగిలాక మాత్రం పోబాక. దూదంతా నీ తెరచాపకి అంటుకుపోద్ది."

తెరచాప స్తుతి కుట్టింది. ఖాళీ యూరియా గోతాలు ఊరంతా అడిగి పోగేసి, కడిగి, చీల్చి, దబ్బనంతో ఒకదానికొకటి కలిపి కుట్టింది. కూర్చుని చేసే పని కాబట్టి అది తనదే అంది. ఆ పని చేసినన్నాళ్ళూ ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి ఎలీసమ్మకి దిగులేసేది. చెల్లెలి పుస్తకంలోని మ్యాపు ముందు పెట్టుకుని, ఇక్కడ సముద్రంలో కలుస్తాం, ఒడ్డు పట్టుకుని పైకి పోతాం, ఏ రేవులో నీళ్ళు తియ్యగా ఉంటే అక్కడ లంగరు వేస్తాం, నాన్నకి పని దొరికినన్నాళ్ళు ఉంటాం, మళ్ళీ కదులుతాం అని కెజియాకి చెప్పేది. అందరికంటే ఎక్కువగా బయల్దేరాలని ఉన్నది స్తుతికే. చెల్లెలి కాళ్ళ కోసం తండ్రి కట్టిన పడవలో తన కోరిక కూడా ఎక్కుతోందని ఆమెకి తెలుసు. పడవలో అయితే నడవక్కర్లేదు కదా.

కాయ పగలకముందే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక బయల్దేరారు. ట్రంకుపెట్టె, బైబిలు, ఆవకాయ జాడీ, రంపాలు, ఉలులు, ఇనప పొయ్యి అన్నీ ఎక్కాయి. మేకని పక్కింటి జైనాబీకి ఇచ్చేశారు. దారిలో అందరూ ఎంత దూరం అని అడిగారు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు కాబట్టి. ఎలీసమ్మ గడప గడపకీ వెళ్ళి, వెళ్ళొస్తామమ్మా అని చెప్పింది. వెళ్ళి రండి, వెళ్ళి రండి అన్నారు అందరూ.

గాలి పట్టింది. అంకమ్మరావు చేలోంచి, కంది చేలల్లోంచి, ఎవరిదో మిరప చేను అంచు వెంట పడవ మెత్తగా సాగిపోయింది. స్తుతి తెరచాప గడకి వీపు ఆనించి కూర్చుంది. ఊహ తెలిశాక మొదటిసారి, నొప్పి లేకుండా ఒకచోటినుంచి ఇంకోచోటికి వెళ్తోంది. పొలాలు ఆమె కాళ్ళ కిందనుంచి వెనక్కి పోతున్నాయి, ఆమె ఏమీ చెయ్యక్కర్లేదు. మధ్యాహ్నం తిరిగాక గాలిలో ఉప్పు వాసన తగిలింది. దూరంగా తూర్పున ఒక నీలం గీత. అది సముద్రమో, మబ్బో తేల్చుకునేలోపు పడవ తనంతట తాను మెల్లగా పక్కకి తిరిగింది. క్రీస్తుదాసు చుక్కాని మీద పడి ఎంత తొక్కిపట్టినా ఆగలేదు. దీపాలు పెట్టే వేళకి మళ్ళీ వాళ్ళ వాకిట్లోనే ఆగింది.

ఎవరూ వింతపడలేదు. జైనాబీ, అన్నం ఎక్కువే వండానులే అంటూ గిన్నె తెచ్చింది. క్రీస్తుదాసు లాంతరు పట్టుకుని చుక్కానిని కిందా మీదా చూస్తుంటే స్తుతి అంది.

"దానిదేం తప్పు లేదు నాన్నా. వెళ్ళొస్తామన్నాంగా. వెళ్ళాం, వచ్చాం."

అప్పటికిగాని వాళ్ళకి పడవ సంగతి అర్థం కాలేదు. అది మాట వింటుంది. బయల్దేరేటప్పుడు చివర ఎవరు ఏ మాటంటే దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఏమీ అనకపోతే కదలదు. ఇదేం పెద్ద సంగతి, ఆ మాటేదో సరిగ్గా అంటే పోతుంది కదా అనుకున్నారు. కానీ ఆ మాట ఏది? వెళ్తున్నాం అని ఊరుకునే మనిషి ఆ ఊళ్ళో ఎవరున్నారు? బోరింగు నీళ్ళకి వెళ్ళేవాడు కూడా వెళ్ళొస్తాననే అంటాడు. రా అని చివర తగిలించకుండా సాగనంపేది సమాధుల దొడ్డికి తీసుకెళ్ళే మనిషినొక్కణ్ణే. బతికున్నవాళ్ళని వెళ్ళండి అని ఊరుకుంటే చావు కోరినట్టే.

రెండోసారి తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా ఎక్కారు. ఎలీసమ్మ నోరు జారుతుందని బోరింగు నీళ్ళే పుక్కిట పట్టించారు. క్రీస్తుదాసు గొంతు సవరించుకుని, ఊరివైపు చూడకుండా, వెళ్తున్నాం అన్నాడు. పడవ కదిలింది. జైనాబీ ఇంటి వెనకనుంచి పోతుంటే మేక వాళ్ళని గుర్తుపట్టి అరిచింది. ఎలీసమ్మ గుటుక్కున నీళ్ళు మింగేసి, వెళ్ళొస్తానే అమ్మలూ అంది. అనేశాక రెండు చేతులతో నోరు మూసుకుంది. పొద్దు గుంకేసరికి మళ్ళీ వాకిట్లో ఉన్నారు.

ఇక ఎలీసమ్మ తర్వాత మాట్లాడేవాళ్ళు, ఒడ్డున నిలబడి గట్టి మాట అనేవాళ్ళు కావలసొచ్చింది. అంకమ్మరావు, నేనంటానుగా, నా నోటికి ఈ మాట ఒక లెక్కా అన్నాడు. నిజమే, ఆయన ఎడ్లనీ కూలీలనీ కన్నకొడుకులనీ ఒకే రకంగా తిట్టే మనిషి. వాళ్ళు మూడోసారి బయల్దేరిన రోజున వీపున మందు స్ప్రేయరు తగిలించుకుని చేలో నిలబడి, పోండ్రా, పోండి, మళ్ళీ మీ మొహాలు చూపించబాకండి అని బొబ్బ పెట్టాడు. పడవ ఎన్నడూ లేనంత జోరుగా పోయింది. అంతలో వెనక బల్ల మీద కూర్చున్న కెజియా ఆయనకి చెయ్యి ఊపింది. ఆయన కూడా చెయ్యి ఊపి, జాగ్రత్త తల్లీ, కందికాయ తినే నాటికి వస్తారుగా అన్నాడు. ఆ సాయంత్రం పడవ తిరిగొచ్చాక సిగ్గుపడి చాలా రోజులు ఆ వీధిలోకే రాలేదు.

అదే వారం ఎలీసమ్మ పొద్దున్నే కెజియాని తలుపుకి ఆనించి నిలబెట్టి, మడమల మధ్య వేళ్ళు పెట్టి, అలాగే ఉండిపోయింది. కెజియా నవ్వుతూ ఇంకా ఎంతసేపమ్మా అంటోంది. స్తుతి మంచం మీదనుంచి చూసింది. తల్లి వేళ్ళు రెండు లోపలికి వెళ్ళాయి. తల్లి వాటిని బయటికి తీసి, కొంగుతో తుడుచుకుని, పొయ్యి వెలిగించకుండా గడప మీద కూర్చుంది.

ఆ రోజునుంచి స్తుతి సాయంత్రాలు కర్ర పోటేసుకుంటూ పత్తిచేను గట్టుకి వెళ్ళడం మొదలుపెట్టింది. చెట్ల మధ్య ఎవరూ లేకుండా చూసి, వెళ్ళండి, అనేది. మొదట్లో ఆ మాట సగంలోనే మెత్తబడిపోయేది. చివర రండి అని రాబోతుంటే నాలుక కొరుక్కునేది. కొన్నాళ్ళకి గట్టిపడింది. ఒడ్డున ఉండి ఈ మాట అనాల్సింది ఎవరో ఆమెకి ముందే తెలుసు. వాళ్ళు ఎవరి కోసం తప్పకుండా తిరిగొస్తారో, ఆ మనిషే అనాలి. కాయ పగులుతోంది. చేలో అక్కడక్కడా తెల్లబడుతోంది. తను చూసిన నీలం గీత గుర్తొస్తే మాత్రం అక్కడే గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చేది. అది సముద్రమే అయుంటుంది. మబ్బు అంత నిశ్చలంగా ఉండదు.

నాలుగోసారి బయల్దేరిన ఉదయం, గట్టు దాకా అని చెప్పి పడవని వాకిట్లోంచి పత్తిచేను దగ్గరికి తెచ్చి, గట్టు మీది గుంజకి కట్టేసి సామానంతా సర్దుకున్నారు. తాడు విప్పడం ఎప్పుడూ క్రీస్తుదాసు పని. ఆ రోజు నేను విప్పుతాను నాన్నా అంది స్తుతి. సరదా పడుతోందనుకుని చెయ్యి పట్టి దింపాడు. ఆమె మెల్లగా ముడి విప్పి, తాడు చుట్ట చుట్టి పడవలోకి విసిరింది. ఆయన చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి ఇవ్వకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

"వెళ్ళండి," అంది.

పడవ కదిలింది. క్రీస్తుదాసుకి అర్థమయ్యేసరికి చాపిన చెయ్యి గట్టుకి అందకుండా పోయింది. దూకబోయాడు. దూకితే చుక్కాని పట్టేవాడు లేక పిల్లా తల్లీ ఏమైపోతారోనని ఒక కాలు బల్ల మీద పెట్టి ఆగిపోయాడు. ఎలీసమ్మ వెనక బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"వెళ్ళొస్తామే తల్లీ. పిల్లని ఎక్కడైనా చేర్చి వస్తామే."

పడవ వేగం తగ్గి ముక్కు ఇటు తిప్పింది.

"రావద్దు," అంది స్తుతి.

ముక్కు అటు తిరిగింది. వస్తామే, అంది తల్లి. రావద్దు, అంది కూతురు. పత్తిచేను మధ్య పడవ అటొకసారి ఇటొకసారి ఊగుతూ, అయినా ప్రతిసారీ కొంచెం కొంచెం దూరం జరుగుతోంది. మందు కొట్టడానికి వచ్చిన అంకమ్మరావు చెట్ల మధ్య నిలబడిపోయాడు, స్ప్రేయరు దించడం కూడా మర్చిపోయి. ఎలీసమ్మ గొంతు బొంగురుపోతున్నా ఆపడం లేదు. తల్లి ఆపదని స్తుతికి తెలుసు. ఇలాగే అరుచుకుంటూ పోతే ఏదో ఒక చోట తన గొంతు అందదు, తల్లి మాటే చివరిదవుతుంది, చీకటిపడేసరికి పడవ వాకిట్లో ఉంటుంది, పొద్దున్నే కెజియా తలుపుకి ఆని నిలబడుతుంది. చేలో ఎన్ని సాయంత్రాలు నిలబడ్డా ఈ మాట ఆమె సాధన చెయ్యలేదు. నోటికొచ్చింది.

"నన్నిట్లా చేసిన నీళ్ళు నాకు తాపింది నువ్వేగా అమ్మా. దానిక్కూడా తాపుతావా? పో."

ఎలీసమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. అందులోంచి మాట రాలేదు. పడవ ఒక్కసారి తేలికపడినట్టు ముందుకి ఉరికింది. కెజియా, అక్కా అక్కా అని పిలుస్తోంది. తండ్రి తల తిప్పుకుని చుక్కాని పట్టుకున్నాడు. యూరియా గోతాల తెరచాప మీద పగిలిన కాయల దూది అంటుకుంటూ, అంటుకుంటూ, అంకమ్మరావు చెప్పినట్టే ఆ చేను దాటేసరికి తెల్లటి తెరచాప ఇంకా తెల్లగా అయిపోయింది. తర్వాత కంది చేలల్లో కలిసి కనపడలేదు.

అంకమ్మరావు దగ్గరికి వచ్చాడు. ఏదో తిట్టబోయి మానుకున్నాడు. దూదిపోయినందుకు ఆ రోజూ ఏమనలేదు, తర్వాతా ఏమనలేదు. స్తుతిని మెల్లగా జైనాబీ ఇంటిదాకా నడిపించుకొచ్చి, గడప దగ్గర అలవాటు కొద్దీ అడిగాడు, మీవాళ్ళు ఎప్పుడొస్తారమ్మా అని.

"ఇక రారండీ," అంది స్తుతి.

ఆ తర్వాత ఊళ్ళో ఎవరడిగినా ఆమె అదే మాట. పడవ ఎంత దూరంలో ఉన్నా ఈ ఊరి మాట వింటుందేమోనన్న భయం ఆమెకి పోలేదు. చర్చిలో అడిగేవాళ్ళు, రేషన్ షాపు దగ్గర అడిగేవాళ్ళు. క్రిస్మస్‌కైనా వస్తారా అంటే, రారు. కబురైనా పెట్టొచ్చుగా అంటే, పెట్టరు. గుండె రాయి చేసుకుందని కొందరు, తల్లిని అంత మాట అన్న నోరు ఇంకెలా ఉంటుందని కొందరు. జైనాబీ ఒక్కతి ఏమీ అడగలేదు. మేకపాలు కాచి ఇచ్చేది. చలికాలం ఎముకల్లో పోటు పుట్టి స్తుతి కళ్ళు మూసుకుని మూలుగుతుంటే కాళ్ళ దగ్గర ఇసక మూట కాచి పెట్టేది. ఆ నొప్పిలో అమ్మా అని పిలవబోయి, ఆ ఒక్క మాట కూడా పైకి రాకుండా, దుప్పటి అంచు పళ్ళతో పట్టుకోవడం జైనాబీ చూసింది.

ఉప్పు అమ్మడానికి వచ్చే పీరు ఒక ఎండాకాలం వచ్చి, పైన ఎక్కడో గోదారి కలిసే దిక్కున ఒక రేవులో యూరియా సంచుల తెరచాప పడవ చూశానని చెప్పాడు. ఒడ్డున ఒకాయన ఎవరి పడవకో చెక్క బిగిస్తున్నాడట. ఒక పిల్ల ఇసకలో కుక్కతో పందెం వేసుకుని పరుగెత్తుతోందట. స్తుతి అతన్ని కూర్చోబెట్టి, ఎలా పరుగెత్తుతోంది, కాళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగింది. కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయమ్మా, ఇంకెలా ఉంటాయి అన్నాడు పీరు. ఇంకోసారి చెప్పమంది. మరి అమ్మ కనిపించిందా అంటే, ఒకామె పడవలోనే కూర్చుని ఉంది, బయటికి రాలేదన్నాడు. నోరు తెరిచి మాట్లాడగా తాను వినలేదన్నాడు.

ఇంకా కొన్నేళ్ళకి ఊళ్ళోకి నీళ్ళ పైపు వచ్చింది. సాగర్ నీళ్ళు ఎక్కడో శుద్ధి చేసి పంపుతున్నారన్నారు. ట్యాంకు కట్టారు, వీధి చివర కుళాయి పెట్టారు. నీళ్ళు వదిలిన రోజు ఊరంతా బిందెలతో అక్కడే ఉంది. స్తుతికి ఆ గుంపులో నిలబడటం కష్టమని జైనాబీ చెంబుతో పట్టుకొచ్చి ఇచ్చింది. స్తుతి ఒక గుక్క తాగింది. కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగింది. ఇంకో గుక్క తాగింది.

"ఇంక పిలువు పిల్లా," అంది జైనాబీ. "ఇంక దేనికి వద్దంటావు?"

స్తుతి చెంబు పట్టుకునే లేచింది. గట్టు దాకా తీసుకెళ్ళమంది. జైనాబీ భుజం ఆసరా చేసుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, గట్టు ఎక్కింది. ఆ ఏడు చేను పత్తి కాదు, మిరప వేశారు. తూర్పున ఏమీ లేదు, ఎండ తప్ప. పిలిస్తే పడవ వస్తుంది, ఆ సంగతిలో ఆమెకి అనుమానం లేదు. కానీ ఆ కుళాయి రేపు వస్తుందో రాదో ఎవరికి తెలుసు? పరుగెత్తే పిల్లని ఏ నీళ్ళని నమ్మి రమ్మంటుంది? రమ్మనాలని ఒళ్ళంతా అంటుంటే, ఆ మాటని గొంతు దగ్గరే ఆపి, ఇన్నేళ్ళుగా మానేసిన పిలుపుని మాత్రం బయటికి తెచ్చింది.

"అమ్మా," అంది గట్టిగా. "నీళ్ళు తియ్యగా ఉన్నాయమ్మా."

రమ్మని చెప్పవే అని జైనాబీ భుజం కదిపింది. స్తుతి తల అడ్డంగా ఊపలేక చెయ్యి ఊపింది. చెంబులో మిగిలినవి కూడా తాగేసి, ఇంకోసారి, ఇంకా గట్టిగా, తూర్పు వైపు అదే మాట చెప్పింది.